కంపనమాపనము: ఒక్క అంకెతో తీర్పు చెల్లునా?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నింటిని పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలునని మనవారు అంటారు. అన్నము విషయములో ఈ మాట నిజమే. కుండలోని నీరు, వేడి అన్ని మెతుకులకు ఇంచుమించు సమముగా అందుతాయి. కనుక ఒక్క మెతుకు తక్కినవాటికి సాక్ష్యము చెప్పగలదు. ఇదే న్యాయమును యంత్రములకు కూడ వర్తింపజేసి, ఒకచోట ఒక్క అంకెను కొలిచి, "ఈ యంత్రము ఆరోగ్యముగా ఉన్నది" అని తీర్పు చెప్పవచ్చునా? కర్మాగారములలోను విద్యుత్కేంద్రములలోను కంపనమాపనము పేరిట జరిగే పనిలో మంచి ఎంత, లోపమెంత అన్నది ఈ ప్రశ్నకు మనము చెప్పుకొనే సమాధానముపై ఆధారపడి ఉన్నది. ఆ పద్ధతిని ఈ వ్యాసములో కొంచెము విమర్శదృష్టితో పరిశీలింతము.

చెవినుండి పట్టికకు

బియ్యపు మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసిన మెకానిక్కును పాఠకులలో కొందరైనా చూచి ఉంటారు. నడుస్తున్న మోటారు వద్దకు వచ్చి, స్క్రూడ్రైవరు మొనను బేరింగు తొడుగుపై ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు తాకించి కొంతసేపు వింటాడు. తరువాత, "బేరింగు పోతున్నదండీ, ఇంకో పదిరోజులు లాగుతుందేమో" అంటాడు. చాలసార్లు అతని మాట తప్పదు. ఇందులో మంత్రమేమీ లేదు. బేరింగులోని గుండ్లు నున్నని గాడిలో దొర్లుతున్నంతకాలము వచ్చే శబ్దము వేరు. గాడిలో సన్నని గుంట ఒకటి ఏర్పడితే, ప్రతి గుండు దానిని దాటినప్పుడెల్లా ఒక చిన్న దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బలను ఉక్కుకడ్డీ చెవికి చేరవేస్తుంది.

ఈ మెకానిక్కు పనిలో రెండు గొప్ప గుణములు ఉన్నవి. కలగలుపుగా వచ్చే శబ్దములలో లావుపాటి మోతను, సన్నని కీచుమోతను అతడు వేరుచేసి వినగలడు. నేడు విన్నదానిని అదే యంత్రములో నిన్న విన్నదానితో పోల్చి చూడగలడు. ఉన్న లోపమంతా ఒక్కటే. అతని జ్ఞానము కాగితముపైకి ఎక్కదు. అతడు ఉద్యోగము మానిన రోజున అది కూడ అతనితోపాటు ఇంటికి వెళ్లిపోతుంది.

దీనిని అంకెలలోకి తెచ్చుటకు జరిగిన తొలి ప్రయత్నములలో టి. సి. రాత్‌బోన్ చేసినది ముఖ్యమైనది. ఆయన అమెరికాలో ఒక ఇన్సూరెన్సు కంపెనీ ఇంజనీరు. యంత్రము పగిలినచో నష్టపరిహారము చెల్లించవలసినది కంపెనీయే గనుక, ఎంత కంపనము ప్రమాదకరమన్న ప్రశ్న ఆయనకు డబ్బుతో ముడిపడిన ప్రశ్న. అనుభవములో తేలిన సంగతులను సమకూర్చి, ఏ వేగమున తిరిగే యంత్రమునకు ఎంత కంపనము తగునో చూపే పటమును ఆయన 1939లో ప్రకటించెను. అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 1974లో 2372 అను సంఖ్యతో విడుదల చేసిన ప్రమాణము ఈ ఆలోచనకు చక్కని రూపమిచ్చినది. మెకానిక్కు చెవి చేసిన పనిని అప్పటినుండి పట్టిక చేయసాగినది. ఆ మార్పులో మనకు దక్కినదేమి? జారిపోయినదేమి?

కొలతలు మూడు ఎందుకు?

ముందుగా కొలిచేదేమిటో స్పష్టపరచుకొందము. యంత్రపు భాగము ఎంత దూరము కదులుతున్నది (స్థానభ్రంశము), ఎంత వడిగా కదులుతున్నది (వేగము), ఆ వడి ఎంత త్వరగా మారుతున్నది (త్వరణము) అని మూడు కొలతలు సాధ్యము. సరళ హరాత్మక చలనములో ఈ మూడింటికి గల సంబంధము ఉపాధ్యాయులకు తెలిసినదే. కంపన పరిమితిని పౌనఃపున్యముతోను, 6.28తోను గుణించినచో గరిష్ఠ వేగము వస్తుంది. దానిని మరల అదే విధముగా గుణించినచో గరిష్ఠ త్వరణము వస్తుంది.

ఒక షాఫ్టు మధ్యస్థానమునుండి అటు 0.05 మిల్లీమీటరు, ఇటు 0.05 మిల్లీమీటరు ఊగుతున్నదనుకొందము. నిమిషమునకు 600 చుట్లు తిరిగే యంత్రమైతే సెకనుకు 10 కంపనములు. అప్పుడు గరిష్ఠ వేగము సెకనుకు 3.14 మిల్లీమీటర్లు, గరిష్ఠ త్వరణము 0.2 మీటరు/సెకను². అదే ఊపుతో నిమిషమునకు 6000 చుట్లు తిరిగే యంత్రములో గరిష్ఠ వేగము 31.4 మిల్లీమీటర్లు అవుతుంది. త్వరణము 20 మీటర్లు/సెకను²కు, అనగా గురుత్వ త్వరణమునకు ఇంచుమించు రెండింతలకు చేరుతుంది. కదలిన దూరములో ఏ మార్పు లేదు. వేగము మాత్రము పదిరెట్లు, త్వరణము నూరురెట్లు పెరిగినవి.

కావున నెమ్మదిగా తిరిగే యంత్రములో స్థానభ్రంశమును చూడవలెను. అక్కడి భయము షాఫ్టు తన చుట్టునున్న సందును దాటి బేరింగును రాచుకొనుట. మధ్యతరగతి వేగములలో లోహమును అలసటకు గురిచేసే ఒత్తిళ్లను వేగపు కొలత బాగుగా సూచిస్తుంది. బేరింగు దెబ్బలవంటి అతిశీఘ్రములైన కంపనములకు త్వరణము తగినది. మూడు సూత్రములు పరీక్షకోసము పుట్టినవి కావు. మూడు రకముల జబ్బులను పట్టుటకు మూడు కొలతలు అవసరము గనుక ఉన్నవి.

పట్టికలోని గుణము, దోషము

1974 నాటి ప్రమాణము వేగమును ఎన్నుకొన్నది. కంపనవేగము క్షణక్షణము మారుతుంది గనుక దాని వర్గమధ్యమూలమును తీసికొన్నది. 15 కిలోవాట్ల వరకుగల చిన్న యంత్రములలో ఈ విలువ సెకనుకు 0.71 మిల్లీమీటరుకు లోపుంటే మంచిది. 1.8 వరకు అంగీకరింపదగినది. 4.5 వరకు కొంతకాలము సహింపదగినది. ఆపైన కూడనిది. గట్టి పునాదిపై నిలిపిన పెద్ద యంత్రములకు ఈ ఎల్లలు 1.8, 4.5, 11.2.

ఈ పట్టిక చేసిన మేలును తక్కువచేసి చెప్పరాదు. అమ్మినవానికి, కొన్నవానికి వివాదము వస్తే తీర్చుటకు ఒక కొలబద్ద ఏర్పడినది. కొత్తగా వచ్చిన పనివాడు కూడ మొదటిరోజునుండి తిరిగి చూడగల పద్ధతి ఏర్పడినది. అయితే ఆ అంకెలవైపు ఒకమారు తేరిపార చూడండి. 0.71, 1.8, 4.5, 11.2: ఒక్కొక్క మెట్టు ముందుదానికి సుమారు రెండున్నర రెట్లు. ప్రకృతి ఇంత చక్కని మెట్లు కట్టదు. ఇవి నీరు మరుగు ఉష్ణోగ్రతవంటి ప్రకృతి స్థిరాంకములు కావు; అనుభవజ్ఞులు కూర్చుండి అంగీకరించుకొన్న ఎల్లలు. 4.4 వచ్చిన యంత్రము క్షేమమనియు, 4.6 వచ్చినది ప్రమాదమనియు వాదించుట, ఎల్లను గోడగా భ్రమించుటయే.

రెండవ దోషము పట్టికది కాదు, దానిని వాడేవారిది. ఆ ప్రమాణము సెకనుకు 10 నుండి 1000 వరకుగల కంపనములనే లెక్కలోకి తీసికొంటుంది. అంతకు దిగువనున్నది, ఎగువనున్నది దానికి కనబడదు. ఎనిమిది గుండ్లు గల బేరింగు, నిమిషమునకు 1500 చుట్లు తిరిగే షాఫ్టుపై ఉన్నదనుకొనుడు. వెలుపలి గాడిలో గుంట పడినచో సెకనుకు సుమారు 80 దెబ్బలు తగులుతాయి. ఒక్కొక్క దెబ్బ గంటపై కొట్టినట్లు బేరింగు తొడుగును సెకనుకు వేలకొలది సార్లు కంపింపజేస్తుంది. జబ్బు మొదటి దశలో త్వరణమాపకము దీనిని పట్టగలదు. మొత్తపు వేగములో మాత్రము దీని వాటా అతిస్వల్పము. మెకానిక్కు చెవికి తెలిసిన సంగతి పట్టికకు తెలియదు. బేరింగు శిథిలమగు నాటికి గాని అంకె కదలదు.

ఒక న్యాయమైన మాట ఇక్కడ చెప్పవలెను. 1974 నాటి ప్రమాణము స్థానములో 1995లో 10816 సంఖ్యగల ప్రమాణము, 2016లో 20816 సంఖ్యగలది వచ్చినవి. కంపనము ఎంత ఉన్నదన్నదే కాక, మునుపటికంటె ఎంత మారినదన్నది కూడ చూడవలెనని ఇవి స్పష్టముగా చెప్పుతాయి. జలటర్బైనులవంటి వాటికి వేరుభాగములున్నవి. అయినను ప్రమాణము యావత్తు చదివేవారు తక్కువ. రంగులు వేసి గోడకు అంటించిన ఒక్క పట్టికనే చదివేవారు ఎక్కువ.

840 మైక్రాన్ల కథ

ఈ విమర్శకు ఒక నిజమైన ఉదాహరణ కావలెను. సైబీరియాలో యెనిసే నదిపై సయానో-షుషెన్‌స్కయా అను జలవిద్యుత్కేంద్రము ఉన్నది. ఒక్కొక్కటి 640 మెగావాట్ల యంత్రములు పది. 2009 ఆగస్టు 17వ తేదీ ఉదయము 8 గంటల 13 నిమిషములకు రెండవ యంత్రపు టర్బైను మూతను పట్టియుంచిన స్టడ్డులు తెగినవి. 212 మీటర్ల ఎత్తునుండి వచ్చే నీటి ఒత్తిడికి, అనగా సుమారు 21 వాతావరణ పీడనములకు, యంత్రము తన గుంటనుండి పైకి లేచినది. నీరు యంత్రశాలను ముంచినది. 75 మంది మరణించిరి.

2009 అక్టోబరులో రష్యా సాంకేతిక పర్యవేక్షక శాఖ తన విచారణ నివేదికను ప్రకటించినది. కంపనమునకు సంబంధించినంతవరకు అందులోని ముఖ్యాంశములు ఇవి. టర్బైను బేరింగువద్ద అనుమతింపదగిన కంపనము 160 మైక్రాన్లు (మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు). ప్రమాదమునకు ముందు పదమూడు నిమిషములలో అది 600 నుండి 840 మైక్రాన్లకు పెరిగినది. అంతకుముందే ఏప్రిల్ 21వ తేదీనుండి ఆగస్టు 17వ తేదీవరకు సుమారు నాలుగురెట్లు పెరిగినది. నిరంతర కంపనపరిశీలనకు ఆ సంవత్సరమే అమర్చిన పరికరసముదాయము అధికారికముగా వాడుకలోకి రాలేదు. అధికారులు నిర్ణయములు చేయునప్పుడు దానిని లెక్కలోకి తీసికొనలేదు. దొరికిన 49 స్టడ్డులలో 41 లోహపు అలసటవలన చీలియుండెను.

మొదటిసారి చదివినవారికి ఇందులో సందేహమేమీ కనబడదు. అంకె ఎల్లను దాటినది, ఎవరూ పట్టించుకొనలేదు, యంత్రము పగిలినది. ఇంత సూటిగా చెప్పుటకు వీలులేదని చూపుటకు మన తరగతిగది లెక్కయే చాలును.

ఈ యంత్రము నిమిషమునకు సుమారు 143 చుట్లు, అనగా సెకనుకు 2.38 చుట్లు తిరుగుతుంది. కంపనము చుట్టుకు ఒకమారు వస్తున్నదనుకొని లెక్కవేయుదము. 840 మైక్రాన్లు అనగా ఈ చివరనుండి ఆ చివర వరకు గల మొత్తము ఊపు అని తీసికొన్నచో, పరిమితి 0.42 మిల్లీమీటరు. గరిష్ఠ వేగము 6.28, వర్గమధ్యమూలము సెకనుకు 4.4 మిల్లీమీటర్లు. పెద్ద యంత్రముల పట్టికలో చూడండి: 4.5కు లోపు, "అంగీకరింపదగినది"! 840 మైక్రాన్లు మన పాఠ్యపుస్తకపు అర్థములో పరిమితియే అయితే వేగము రెట్టింపై 8.9 అవుతుంది, "కొంతకాలము సహింపదగినది" అన్న గదిలో పడుతుంది. స్థానభ్రంశపు కొలబద్దతో చూచినచో మాత్రము అది అనుమతించినదానికి అయిదురెట్లకు పైన. ఒకే కదలికపై మూడు తీర్పులు వచ్చినవి.

ఆ వేగపు పట్టిక ఇట్టి యంత్రముల కొరకు ఏర్పడినది కాదు. అందులోని కొలత సెకనుకు 10 కంపనములవద్ద గాని మొదలు కాదు గనుక, 2.38ని ఆ పరికరము దాదాపు గుర్తింపనే గుర్తింపదు. టర్బైను తక్కువ భారముతో నడచునప్పుడు దానికింది నీటిగొట్టములో నీరు సుడితిరుగుతుంది. ఆ సుడి యంత్రపు వేగములో పావువంతు, మూడవవంతు వేగముతో తిరుగుతూ మరింత నెమ్మదియైన ఊపును కలిగిస్తుంది. జలటర్బైనులకు స్థానభ్రంశపు ఎల్లలు వేరుగా పెట్టుటకు కారణమిదే. గోడమీది పట్టికను నమ్మి ఇట్టి యంత్రమును పరీక్షించినవాడు నిశ్చింతగా ఇంటికి పోగలడు.

ఇక నివేదికను కూడ విమర్శింపక తప్పదు. 840 అన్న అంకె అనేక సెన్సార్లలో ఒకదానిది. యంత్రము ఆగియున్నప్పుడు కూడ ఆ సెన్సారు హెచ్చుకంపనమునే చూపుచుండెననియు, తక్కిన సెన్సార్లు అట్టి పెరుగుదలను చూపలేదనియు రష్యాలోని కొందరు జలవిద్యుత్తు నిపుణులు ఆక్షేపించిరి. కదలని వస్తువు కంపనమును చూపే పరికరమును సరిచేయక, దాని మాటను ఎట్లు నమ్మవలెను? ఇటు ఆ అంకెను సరియైనదని తీసికొన్నచో యంత్రమును నడిపినవారిది తప్పు. అది తప్పుటంకె అనుకొన్నచో, ముఖ్యమైన సెన్సారును బాగుచేయక వదలివేయుట తప్పు. రెండువిధముల చూచినను, ఆ కొలతపై ఎవరి నిర్ణయమూ ఆధారపడి లేదన్నది తేలుతున్నది. 2014లో న్యాయస్థానము ఆ కేంద్రపు ఉద్యోగులు ఏడుగురిని దోషులుగా నిర్ణయించినది. శాస్త్రవిద్యార్థికి మాత్రము ప్రశ్న అంతటితో ముగియదు.

అన్నింటికంటె ముఖ్యమైన మాట ఇంకొకటి ఉన్నది. అలసటవలన వచ్చే చీలిక పదమూడు నిమిషములలో పుట్టదు. తీగను మడిచి తిన్నగచేసి, మరల మరల మడిచినప్పుడు తెగినట్లు, అది లక్షలకొలది ఊపులలో కొంచెము కొంచెముగా సాగుతుంది. బేరింగువద్ద పెట్టిన కంపనమాపకము షాఫ్టు ఊపును చెప్పగలదు గాని, స్టడ్డు లోపల ఎంతభాగము చీలినదో చెప్పజాలదు. దానికి అతిధ్వని తరంగములతో స్టడ్డునే పరీక్షింపవలెను. 1983లో తజికిస్తానులోని నూరెక్ విద్యుత్కేంద్రములో టర్బైను మూత స్టడ్డులు ఇట్లే అలసటవలన తెగినవి. హెచ్చరిక దొరికి ఇరువదియారేండ్లు గడచినవన్నమాట. కంపనము జబ్బునకు కారణము కావచ్చును, లక్షణము కావచ్చును. లక్షణమును కొలిచి అవయవమును చూచితిమనుకొనుట పొరపాటు. జ్వరమాపకము ఎంత మంచిదైనను విరిగిన ఎముకను చూపదు గదా.

మన పాఠములలోని కొరత

ఇంతవరకు ఇంజనీర్లను విమర్శించితిమి. ఉపాధ్యాయులమైన మనము కూడ ఈ విమర్శకు అతీతులము కాము. సరళ హరాత్మక చలనమును మనము లోలకముతో మొదలుపెట్టి స్ప్రింగుతో ముగిస్తాము. స్థానభ్రంశము, వేగము, త్వరణముల సూత్రములు వల్లింపజేస్తాము. మూడింటిలో దేనిని ఎప్పుడు కొలవవలెనన్న ప్రశ్నను ఏ పరీక్షలోను అడుగము. నా తరగతిలో బాగుగా చదివే విద్యార్థులు కూడ గరిష్ఠ వేగమును క్షణములో కట్టగలరు. ఆ వేగము ఎక్కువయో తక్కువయో చెప్పమంటే దిక్కులు చూస్తారు. లెక్క సరియైనది, కాని దాని వెనుక వస్తువు లేదు. కొంతకాలము నా బోధన కూడ ఇట్లే సాగినదని ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు.

దీనికి ఖరీదైన పరికరములు అక్కరలేదు. నేటి మొబైలు ఫోనులో చిన్న త్వరణమాపకము ఉన్నది. దానిని చదువుటకు ఉచితముగా దొరికే యాప్‌లు ఉన్నవి. పాఠశాల నీటిమోటారు దిమ్మపై (తిరిగే భాగములకు దూరముగా) ఫోనును కదలకుండ ఉంచి అరనిమిషము కొలవండి. మోటారు నిమిషమునకు 1450 చుట్లు తిరుగుతున్నచో సెకనుకు 24 కంపనముల దగ్గర ఒక శిఖరము కనబడుతుంది. ఇంటిలో బట్టలుతికే మిషను నీరు పిండునప్పుడు, బట్టలన్నీ ఒకవైపు చేరినచో ఆ శిఖరము ఎట్లు పెరుగునో విద్యార్థులే చూచి రావచ్చును. మోటారును ఆపి, ఫోను సున్నకు దగ్గరగా చూపుతున్నదా అని కూడ తప్పక పరీక్షించవలెను. సైబీరియాలో వివాదమైన ప్రశ్న ఇదే గదా!

ఫోను హద్దులను కూడ పాఠముగా చేయవచ్చును. ఒక ఫోను సెకనుకు 100 సార్లు మాత్రమే కొలత తీసికొంటుందనుకొందము. అందులో సగము, అనగా 50కి పైబడిన కంపనములను అది సరిగా చూడజాలదు. పైన చెప్పిన బేరింగు దెబ్బలు 80, దానికి 20గా కనబడతాయి! తిరిగే బండిచక్రము సినిమాలో వెనుకకు తిరిగినట్లు కనబడుట వంటిదే ఇది. పరికరము అబద్ధమాడలేదు; దానిని అడుగరాని ప్రశ్న మనము అడిగితిమి.

వారమునకొకసారి అదేచోట, అదే విధముగా కొలిచి ఒక నోటుపుస్తకములో వ్రాయించండి. తేదీ, ఫోను ఉంచిన స్థలము, మోటారుపై ఉన్న భారము, వచ్చిన అంకె, దాని ప్రమాణము అన్నియు ఉండవలెను. మూడు నెలలకు ఆ పుస్తకములో ఏర్పడే గీత, ఏ గోడపట్టికకంటెను ఆ మోటారును గురించి ఎక్కువ చెప్పుతుంది. స్క్రూడ్రైవరు మెకానిక్కు తలలో ఉంచుకొన్న పుస్తకము అటువంటిదే. పిల్లలు వ్రాసినది మాత్రము వారు పాఠశాల విడిచి వెళ్లినను అక్కడే ఉంటుంది. గీత ఒకనాడు పైకి లేచినచో మోటారును ఆపి చూపించవలసిన బాధ్యత ఎవరిదో, ఆ పుస్తకపు మొదటి పుటలోనే వ్రాసి ఉంచవలెను.